పదో తప్పు

నేను పెన్ను టేబుల్ మీద విసిరికొట్టిన చోట కదా ఆగాం. ఆ పెన్ను దొర్లుకుంటూ పోయి మేనేజరుగారి కాఫీ కప్పుకి తగిలి ఆగింది. కాఫీ ఒలకలేదు. ఒలికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ వారమే కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. పిల్లల వార్డులో ఏ బిడ్డకి ఏ మందు ఎంత ఇవ్వాలో నమోదు చేసే ప్రోగ్రాం మాది. దానికి రెండు ముఖాలు. డాక్టర్లు తమ గదుల్లో బ్రౌజర్ తెరిచి చూసుకునే వెబ్ పేజీ ఒకటి, నర్సుల బల్ల మీది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఒకటి. రెండూ సరిగా నడుస్తున్నాయో లేదో, బయటికి పంపేముందు పరీక్షించడం నా పని. పంతొమ్మిదేళ్ళుగా తప్పులు పట్టి బతుకుతున్నాను కాబట్టి ఆఫీసులో నా ముద్దుపేరు శకునపక్షి. నా వెనకాలే అంటారు, కానీ నాకు వినబడేలా అంటారు.

ఇప్పుడు ఆ పరీక్షలన్నీ తనంతట తానే చేసే టూల్ ఒకటి కొనాలని మేనేజరుగారి ముచ్చట. ముచ్చటపడితే పడ్డారు, నాకేం బాధ లేదు. కానీ మా అత్తగారి కంటి ఆపరేషన్‌కి నేను మూడు రోజులు సెలవు పెట్టిన సందు చూసుకుని, ఇంకా కొననైనా కొనని ఆ టూల్ ఇచ్చిన రిపోర్టును నమ్మి, మనిషి చెయ్యి పడకుండా కొత్త వెర్షన్‌ని ఆసుపత్రికి పంపేశారు. పోయిన సోమవారం సంగతి ఇది. నేను తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద ఒక కాగితం. ఇకమీదట చేతిపరీక్ష అవసరం లేదని, ఈ టూల్ ఒక్కటే చాలునని, అందుకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నానని! కింద నా సంతకానికి గీత కూడా గీసి పెట్టారు.

పెన్ను ఎందుకు విసిరానో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ చప్పుడుకి మా కంపెనీ స్థాపించిన పెద్దాయన కళ్ళజోడు తీశారు. "నీకేం కావాలో చెప్పమ్మా, వస్తువులు విసరకుండా" అన్నారు.

"ఆ టూల్ మన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ముందు, మనం ఆ టూల్‌ని పరీక్షిద్దాం సార్. రెండు రోజులివ్వండి."

మా వృత్తిలో ఇది పాత పద్ధతే. దొంగల్ని మనమే లోపలికి పంపి, కాపలావాడు మెలకువగా ఉన్నాడో కునుకు తీస్తున్నాడో చూడటం. ఆసుపత్రిలో ఇప్పుడు నడుస్తున్న వెర్షన్‌కి ఒక నకలు తీయాలి. అందులో ప్రోగ్రామర్ కావాలని కొన్ని తప్పులు దాచిపెట్టాలి. ఎన్ని, ఎక్కడ అన్నది మూడో కంటికి తెలియకూడదు. జాబితా రాసి, కవరులో పెట్టి, జిగురంటించి పెద్దాయన సొరుగులో పెట్టాలి. ఒకవైపు టూల్, ఇంకోవైపు నేనూ నా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలూ.

తప్పులు దాచే పని మా ప్రోగ్రామర్ మౌనికి అప్పగించారు. అసలు పేరుతో అతన్ని ఎవరూ పిలవరు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూడాలి. నన్ను అక్కా అంటాడు, అదీ అవసరమైతేనే.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఉదయం పదకొండింటికి అందరం మీటింగు గదిలో కూర్చున్నాం.

ఆ గది తలుపు తీసినప్పుడల్లా కీచుమంటుంది. గోడకి తెల్లటి తెర, బల్ల మధ్య నీళ్ళ జగ్గు, ఎవరూ ముట్టుకోని బిస్కెట్ల ప్లేటు. తెర పక్కన, టూల్ అమ్మే కంపెనీ తరఫున వచ్చినాయన నిలబడ్డాడు. ఆయనకి నేను పెట్టుకున్న పేరు చిరునవ్వు. తిట్టినా, పొగిడినా, మంచినీళ్ళు కావాలా అని అడిగినా ఆ నవ్వు ఇంచీ జరగదు.

"మా టూల్ అరగంటలో ఆరు తప్పులు పట్టింది సార్" అన్నాడు చిరునవ్వు.

"మేం పది పట్టాం" అన్నాను.

"ఎన్నాళ్ళకి మేడం?" మేనేజరుగారు మధ్యలో అందుకున్నారు.

"రెండు రోజులకి."

"అరగంటెక్కడ, రెండు రోజులెక్కడ!"

"ఆరెక్కడ సార్, పదెక్కడ!"

పెద్దాయన చెయ్యెత్తారు. ఇద్దరం నోరు మూసుకున్నాం.

మంచిని మంచి అనకపోతే కళ్ళుపోతాయి కాబట్టి ముందు ఆ ముక్క చెప్పాను. టూల్ పట్టిన ఆరూ వెబ్ పేజీలోవి. వెబ్ పేజీలో ప్రతి గడికీ, ప్రతి బటన్‌కీ లోపల ఒక పేరుంటుంది. ఆ టూల్ పేరుపెట్టి పిలిచి మరీ నొక్కుతుంది. మూడు బ్రౌజర్లలో ఒకేసారి నొక్కుతుంది. నా అమ్మాయిలు రోజంతా వేళ్ళు నొప్పులు పుట్టేలా చేసే పని పావుగంటలో చేసిపారేసింది. వెబ్‌లో మేం పట్టినవీ ఆ ఆరే, ఒక్కటీ ఎక్కువ కాదు.

"కానీ సార్, డెస్క్‌టాప్‌లో మేం నాలుగు పట్టాం. టూల్ పట్టింది సున్నా. మన డెస్క్‌టాప్ ప్రోగ్రాం పాతది. అందులో బటన్లకి ఆ టూల్ చదవగలిగే పేర్లు లేవు. అది తెరని ఫొటోలాగా చూసి, ఇక్కడేదో బటన్‌లా ఉందని నొక్కుతోంది. వెబ్‌కి ఇది తీసుకుందాం. నేనే సంతకం పెడతాను. డెస్క్‌టాప్‌కి మాత్రం వేరేది వెతుకుదాం. మందు మోతాదు పరీక్ష ఏ టూల్ వచ్చినా మనిషి కూడా చెయ్యాల్సిందే."

"రెండు టూళ్ళా?" మేనేజరుగారు నుదురు కొట్టుకున్నారు. "ఒక్క దెబ్బకి రెండు పిట్టలు పడుతుంటే ఇంకో రాయి ఎందుకు మేడం?"

"రెండో పిట్ట పడలేదు సార్. ఎగిరిపోయింది. కిందపడ్డ ఈక చూసి మీరు పిట్టే అనుకుంటున్నారు."

"ఈకల సంగతి మీకు తెలిసినట్టు మాకెలా తెలుస్తుంది! కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మీకు అలవాటే కదా."

ఇంచీ జరగని ఆ నవ్వు కూడా కొంచెం వెడల్పయింది. నా ఇద్దరమ్మాయిలూ తలలు దించుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అవును సార్. అదే నా ఉద్యోగం. గుడ్డు మీద ఈక ఉందో లేదో చూడ్డానికే మీరు నాకు జీతమిస్తున్నారు. లేకపోతే లేదని రాసిస్తాను. చూడకుండా మాత్రం రాయను."

పెద్దాయన మీసం చాటున నవ్వారనిపించింది, గట్టిగా చెప్పలేను. "ఆ నాలుగింట్లో ఒకటి చూపించమ్మా" అన్నారు.

నేను చిరునవ్వు వైపు తిరిగాను. "ముందు పోయిన నెల డెస్క్‌టాప్ వెర్షన్ మీద మీ టూల్ నడపండి. పన్నెండు కిలోల బిడ్డ. మోతాదు రెండున్నర బదులు ఇరవై ఐదు కొట్టించండి. వేగం బాగా తగ్గించి నడపండి, మా కళ్ళు మీ టూల్ అంత చురుకైనవి కావు."

తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలింది. బరువు గడిలో పన్నెండు పడింది. మోతాదు గడిలో ఇరవై ఐదు పడింది. వెంటనే తెర నడిమధ్యన ఎర్రటి పెట్టె ఒకటి లేచింది. 'ఈ బరువుకి ఈ మోతాదు మించింది. సరిచూడండి.'

చదవడం పూర్తయ్యేలోపే ఆ పెట్టె మాయమైంది. బాణం ముందుకు పోయింది. చివర్లో తెరంతా పచ్చబడి, అన్నీ సరిగ్గా ఉన్నాయని పెద్ద అక్షరాలు వచ్చాయి.

"ఆ ఎర్రపెట్టెని ఎవరు మూశారు?" అని అడిగాను.

"మా టూలే మేడం" అన్నాడు చిరునవ్వు గర్వంగా. "పరీక్ష మధ్యలో అడ్డొచ్చే పెట్టెల్ని అదే తెలివిగా మూసేసి ముందుకెళుతుంది. దానికో సెట్టింగ్ ఉంది."

"నేనే అడిగి పెట్టించాను" అన్నారు మేనేజరుగారు. "ప్రతిసారీ ఆ ఎర్రపెట్టె దగ్గర పరీక్ష ఆగిపోతోంది. రిపోర్టు ఎర్రగా వస్తోంది. చికాకు."

నేను లేచి నిలబడ్డానని కుర్చీ వెనక్కి పడ్డాకే నాకు తెలిసింది.

"అడ్డు రావడమే దాని పని సార్!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆ ఎర్రపెట్టె పుట్టిన కథ ఆ గదిలో పెద్దాయనకీ నాకూ మాత్రమే తెలుసు. మా అన్నయ్య భార్య, మా వదిన, ఆ ఆసుపత్రి పిల్లల వార్డులోనే నర్సు. ఏడేళ్ళ కిందట ఒకరోజు డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. రెండున్నర కొట్టబోయి ఇరవై ఐదు కొట్టింది. రెండుకీ ఐదుకీ మధ్య దశాంశం చుక్క పడలేదు. పక్కనున్న పెద్ద నర్సు సీసా మీద అంకె చూసి చెయ్యి పట్టుకుంది కాబట్టి ఒక తల్లికి కడుపుకోత తప్పింది. "ఒక్క చుక్క అమ్మాయీ, ఒక్క చుక్క" అని వదిన ఆ రోజంతా అంటూనే ఉంది. మర్నాడు నేను పెద్దాయన గదిలోకి పోయి కూర్చుని, చుక్క తప్పితే నర్సుని ఆపే పెట్టె ఒకటి పెడితే తప్ప లేవనన్నాను. వారంలో ఎర్రపెట్టె వచ్చింది. ఇప్పటికీ వార్డులో దాన్ని అందరూ విసుక్కుంటారు. మీ ఎర్రపెట్టె నాకు రెండో అత్తగారమ్మా, కాలు కదిపితే చాలు ఆపుతుంది అని వదినే అంటుంది. విసుక్కోనీ. ఆపితే చాలు.

అంత ఏడుపులోంచి పుట్టినదాన్ని ఈయనగారు చికాకు అంటున్నారు. రిపోర్టు పచ్చగా రావడానికి మూయించారట!

"ఇప్పుడు మౌని తప్పులు పెట్టిన నకలు మీద నడపండి" అన్నాను.

మళ్ళీ పన్నెండు. మళ్ళీ ఇరవై ఐదు. ఈసారి ఎర్రపెట్టె రానేలేదు. తెర నడిమధ్య ఖాళీగా ఉంది. బాణం ఆగకుండా ముందుకు పోయింది. చివర్లో అదే పచ్చరంగు, అవే అక్షరాలు.

"చూశారా సార్? పెట్టె వస్తే మూసి పచ్చ. రాకపోతే దాటిపోయి పచ్చ. కాపలావాడి కళ్ళకి గంతలు కట్టింది మనమే. కట్టి, దొంగలెవరూ రాలేదని రాసిచ్చాడని మురిసిపోతున్నాం. దీన్ని నమ్మి నన్ను సంతకం పెట్టమంటున్నారు! అది వార్డులో బిడ్డ చేతికి గుచ్చిన సూది సార్, మీ రిపోర్టులో రంగు కాదు!"

"ఆ సెట్టింగ్ తీసేయొచ్చు మేడం..." అని చిరునవ్వు ఏదో అనబోయాడు.

"తీయండి. తీశాక ఎర్రపెట్టె రావాలి అని దానికి చెప్పండి. రాకపోతే తప్పు అని చెప్పండి. ఏది రావాలో చెప్పే మనిషి కావాలి కదా. ఆ మనిషినే వద్దని కాగితం రాశారు వీళ్ళు."

మేనేజరుగారి ముఖం మాడిపోయింది. ఆయన ఊరుకునే రకం కాదు. "అక్కడ దాచిన తప్పుల్లో నాలుగు ఎక్కువ పట్టినంత మాత్రాన... సరే, కవరు తీయండి సార్. అసలు ఎన్ని పెట్టారో, వీళ్ళు పట్టినవాటిలో నిజమైనవి ఎన్నో తేలుతుంది" అన్నారు.

పెద్దాయన కవరు అంచు చింపారు. లోపల గీతల కాగితం, మౌని కోడిగీతల రాత. పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. మళ్ళీ మొదటికొచ్చి లెక్కపెట్టారు.

"తొమ్మిది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "పది సార్."

"తొమ్మిదేనమ్మా."

మేనేజరుగారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. కడుపు కదిలేలా నవ్వారు. "లేని తప్పు కూడా పట్టేశారన్నమాట! నేను చెప్పలా? గుడ్డు మీద ఈక మొలిపించగలరు ఈవిడ. ఆడలేక మద్దెల ఓడని... చూడండి సార్, ఇదీ మన చేతిపరీక్ష."

నా చెవులు వేడెక్కాయి. పంతొమ్మిదేళ్ళలో లేని తప్పు ఉందని నేను రాసింది లేదు. అమ్మాయిల వైపు చూశాను. వాళ్ళు మా జాబితా తిరగేస్తున్నారు. వెబ్‌లో ఆరు. డెస్క్‌టాప్‌లో పేరు సగంలో తెగిపోవడం, తేదీ తారుమారవడం, ప్రింటు బటన్ పనిచేయకపోవడం, ఎర్రపెట్టె రాకపోవడం. పది. ఏ వేలు మడిచినా పది.

అప్పుడు మౌని కుర్చీలోంచి లేచాడు. పెద్దాయన చేతిలోంచి తన కాగితం తనే తీసుకుని పైనుంచి కిందికి చూశాడు. ఎవరూ అడగకుండా అతను మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

"వెబ్‌లో ఆరు పెట్టాను. డెస్క్‌టాప్‌లో పేరు, తేదీ, ప్రింటు. మూడే" అన్నాడు. నా వైపు తిరిగాడు. "ఎర్రపెట్టెని నేను ముట్టుకోలేదక్కా."

మేనేజరుగారి నవ్వు సగంలో నిలిచిపోయింది.

"ముట్టుకోకపోతే ఎందుకు రావడం లేదు?" అన్నారు పెద్దాయన.

"నకలు తీసింది సోమవారం పంపిన వెర్షన్ నుంచి సార్." మౌని గొంతు పీలగా వచ్చింది. "అందులోనే లేదన్నమాట. ఆ వెర్షన్లో మోతాదు హెచ్చరికని వెబ్ పేజీలో పెట్టెలా కాకుండా ఒక లైనులాగా చూపించాలని, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఆ కోడ్ ముక్క నేనే మార్చాను. వెబ్‌లో బాగానే వస్తోంది. డెస్క్‌టాప్‌లో పోయినట్టుంది. పరీక్షలో తెలుస్తుందిలే అనుకున్నాను. రిపోర్టు పచ్చగా వచ్చింది."

అంటే మేం పట్టింది లేని తప్పు కాదు. ఎవరూ పెట్టని తప్పు. అది ఈ నకలులోనే కాదు, వారం రోజులుగా ఆసుపత్రిలో, నర్సుల బల్ల మీద, మా వదిన వేళ్ళ కింద కూర్చుని ఉంది.

మేనేజరుగారిని అనడానికి చాలా ఉంది, కానీ నోటికంటే ముందు చెయ్యి ఫోను దగ్గరికి పోయింది. డ్యూటీలో వదిన సెల్‌ఫోన్ లాకర్లో పెడుతుంది. వార్డు బల్ల మీది నంబరు నాకు కంఠతా వచ్చు. మీటింగు గదిలోని ఫోన్‌లోనే స్పీకరు నొక్కి చేశాను. అందరూ వినాలి. ముఖ్యంగా ఆయన వినాలి.

ఐదో రింగుకి ఎత్తారు.

"పిల్లల వార్డు" అంది వదిన గొంతు.

"వదినా, నేను. ఎర్రపెట్టె వస్తోందా?"

"ఏంటమ్మాయీ, పనివేళలో ఈ ప్రశ్న! అది మానేసి వారమైందిగా. నువ్వే జాలిపడి తీయించావనుకున్నాం. నర్సులందరం నీ పేరు చెప్పుకుని దీవిస్తున్నాం తెలుసా?"

నా పక్కనున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వదినా, తీయలేదు. పాడైంది. మోతాదు తప్పు కొట్టినా ఇప్పుడది చెప్పదు."

"చెప్పకపోవడమేంటి?" వదిన తేలిగ్గా నవ్వింది. "ఏడేళ్ళుగా తప్పైతే అదే చెబుతోంది. ఏమీ అనలేదంటే సరిగ్గా కొట్టినట్టే కదా. ఇప్పుడే ఆరో మంచం బాబుకి తెర మీద అంకె చూసి సెలైన్‌లో మందు కలిపి మొదలుపెట్టి వచ్చాను. చకచకా అయిపోయింది."

"ఎంత కొట్టావు?"

"డాక్టరు రాసినంతే. ఒకటిన్నర."

"తెర మీద ఎంతుందో చదువు వదినా. ఒక్కసారి చదువు."

కీబోర్డు చప్పుడు వినబడింది. దూరంగా ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు. పెద్దాయన బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నారు.

"బరువు పదకొండు కిలోలు" అని చదివింది వదిన. "మోతాదు..."

ఆగిపోయింది.

"అమ్మాయీ, ఇందులో చుక్క ఏది?"

రిసీవరు బల్లకి తగిలిన చప్పుడు. తర్వాత వార్డు నేల మీద చెప్పుల పరుగు. ఎదురుగా తెర మీద పచ్చగా, పెద్ద అక్షరాలతో, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఇంకా రాసే ఉంది.